రమణ చూడని రాకెట్టు

మూర్తి గారూ,

మీరు పోయి నేటికి ఏడాది. పైకెళ్లిన రాకెట్టును దారికి తిప్పే మన చిన్న మోటార్లు ఈ ఉదయం చక్కగా పనిచేశాయి.

ఆ మోటార్లను మీరు తొలిసారి మండించి చూసిన పరీక్షలో ఇంధనం కారుతోందని, ఆపమని మన కుర్ర టెక్నీషియన్ రమణ మొత్తుకున్నాడు. మీరు వినలేదు. మంటల్లో వాడి కళ్లు పోయాయి. విచారణలో తప్పంతా వాడి మీదికే నెట్టారు. నేను చూసింది చెప్పబోతే "నీకేం తెలుసమ్మా, ఊరుకో" అన్నారు.

సాయంత్రం పూతలపట్టులో రమణ ఇంటికి వెళ్లాను.

"రాకెట్టు యట్ల తిరిగిందక్కా?" అన్నాడు.

వాడి చేయి పట్టుకుని మెల్లగా పక్కకు వంచి చూపించాను. వాడి ముఖం విప్పారింది.

"సారు ఉండింటే సంతోషపడేవాడు" అన్నాడు.

వాళ్లమ్మ కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "ఆయప్ప పేరు ఈడ ఎత్తొద్దురా."

నేను లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.