చచ్చిన సెల్లులతో పంపిన గొంతు

భూటాన్ క్యాంపు, 1994

ఫోను టక్కున పెట్టేసిన మీనాకు, ఏ పాపమూ ఎరగని నీ బావ సురేంద్రన్ రాసేది.

నిన్న "కాసెట్లో ఆ ఆడది ఎవరు?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపల పెట్టేస్తివి. ఆ ఒక్క ఫోనుకోసం లారీలో పూటంతా కొండ దిగినా. ఈ కట్టడం పనికాడ ఉండేది మేస్త్రీలు, జడలబర్రెలు. అమ్మకు చదవను రాదని కాసెట్లో మాట్లాడి పంపితి. మాట్లాడింది నేనొక్కడే. మీరే ఏదో సినిమా కాసెట్ పెట్టుంటారు. మిషన్ల సంగతి నాకు చెప్పొద్దు.

నీ బావ

తా.క.: ఇక్కడ కరెంటు లేదు, జనరేటర్ ఇంజనీరుకే. నేను ఊరుకుంటానా? చచ్చిన బ్యాటరీ సెల్లుల్ని మన మిద్దెమీద మాదిరే ఎండబెట్టి, పొయ్యికాడ కాచి, టేపు తిప్పేసినా.

గుడియాత్తం

మిషన్లన్నీ తెలిసిన బావకు, మీనా రాసేది.

మొన్న సాయంత్రం ఓల్టేజి పడిపోయి, టేపు ఈడ్చుకుంటా తిరిగింది. అప్పుడు కాసెట్లో ఆ పిల్ల నీ గొంతుతో మాట్లాడింది. నీ చచ్చిన సెల్లులకు అక్కడ టేపు మెల్లగా తిరిగుండాది. ఇక్కడ కరెంటుకు అది పరిగెత్తి నీ గొంతు ఆడగొంతు మాదిర సన్నమైంది. ఫోను పెట్టేసింది నా తప్పే. కానీ అత్తకు ఆ పిల్ల నచ్చేసింది. "పెండ్లికి ముందే నన్ను అమ్మా అంటాండాది. భూటాన్ పిల్లకు నా కొడుకు తెలుగు ఎంత బాగా నేర్పినాడు" అని వీధంతా చెప్తాండాది. మన తాంబూలాలు ఆపేయమని మా నాయనకు చెప్పేసింది. నిజం చెప్తే నమ్మలా. కుళ్ళుతో చెప్తాండానంట.

అవే సెల్లులేసి, ఆ పిల్లతోనే వద్దనిపించు.

నీ మీనా

తా.క.: నన్ను కొంచెం పొగడమను.

భూటాన్ క్యాంపు

నాకంటే తెలివైన మీనాకు, బావ రాసేది.

పని అయిపోయింది. "అమ్మా, నాకు వేరేచోట పెండ్లి కుదిరింది. నీ కొడుక్కు మీనానే సరి, అంత మంచి పిల్ల యాడా దొరకదు" అని ఏడుపుగొంతుతో చెప్పినా. సెల్లులు అయిపోతాయని తిప్పి వినలా. కాసెట్ నిన్న టపా జీపులో పోయింది. ఇంక తాంబూలాల పని చూసుకోండి.

కాబోయే నీ మొగుడు

తా.క.: ఇప్పుడే నా పక్క మంచం పెరుమాళ్ వచ్చినాడు. నేను సెల్లులు కాచేది చూసి పాపమని, నాకు చెప్పకుండా మొన్న నేను మాట్లాడేదానికి ముందే కొత్తవి వేసినాడంట. అంటే అదంతా అచ్చం నా గొంతులోనే పోయింది. వానకు ఫోను లైను తెగింది. పోస్టుమాన్ వీరప్పను వీధి మొదట్లోనే పట్టుకో, ఆ కాసెట్ అమ్మ చేతికి మాత్రం... ఈ జాబు తీసుకుపోయే లారీ కదుల్తాండాది, ఇచ్చేయాల.