రాయి మీద నీళ్లు

అమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ వారం నాయనను నంద్యాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ నీ ఫోటో చూపిస్తే, "ఎవురీయమ్మ?" అన్నాడు.

మనకు జరిగినవి గుర్తుండడం వేరు, లోకం గురించి తెలిసినవి గుర్తుండడం వేరు, చేతులు నేర్చిన పని గుర్తుండడం వేరట. అన్నీ ఒక్కసారే పోవని డాక్టరు చెప్పాడు. నిజమే. నాయన తన పెళ్లి సంగతి చెప్పలేకపోయాడు గానీ, వినాయకుడి తొండం ఎటు తిరగాలంటే ఠక్కున చెప్పాడు.

ఆళ్లగడ్డలో ఇంటికి రాగానే, నాయన చేతికి దెబ్బ తగులుతుందని తమ్ముడు దాచిపెట్టిన ఉలీ సుత్తీ, వాడు గొణుగుతున్నా తీసి ఇచ్చాను. నాయన ఎప్పుడో సగంలో వదిలేసిన నంది ముందు కూర్చుని చెక్కడం మొదలుపెట్టాడు. చేయి ఎక్కడా తడబడలేదు. కాసేపటికి ఉలి ఆపి, మోకాలు పక్కకు జరుపుకొని ఊరికే కూర్చున్నాడు. ఎందుకో నాకు వెంటనే తెలిసింది. దుమ్ము లేవకుండా నువ్వు అటువైపు నుంచే వంగి రాయి మీద నీళ్లు పోసేదానివి.

చెంబు తెచ్చి నేనే పోశాను. సగం నీళ్లు ఆయన పంచె మీద పడ్డాయి.

"నీకు చాతకాదులే," అన్నాడు నాయన. "పోయి ఆయమ్మను పిలువు."