రెయిన్ మీది, రూల్ నాది

ఏమండీ,

మీరు పోయి ఏడాదైందని ఇవాళ ఇంట్లో ప్రార్థన పెట్టాను. పాస్టరుగారు వస్తూనే మీ పడక్కుర్చీలో కూర్చోబోయారు. “అయ్యో, అది మా మాస్టారిదండి!” అని కేకేశాను. ఆయన బెదిరిపోయి ప్రార్థనంతా నిలబడే చేశారు.

“రెయిన్ అంటే సింహాసనం మీద కూర్చోవడం, రూల్ అంటే పెత్తనం చేయడం. మా ఇంట్లో నేను రెయిన్, మా ఆవిడ రూల్” అని మీరు ఇంగ్లీషు క్లాసులో చెబితే, పిల్లలు దాన్ని కొలకలూరంతా చాటారు. ఆ వారమంతా మీకు ఉప్పులేని పప్పే పెట్టాను. మీరు కిక్కురుమనకుండా తిన్నారు.

మీరన్నది నిజమేనండీ. మీరు లేకపోయినా ఆ కుర్చీలో మీ రెయిన్ సాగుతూనే ఉంది. రూల్ చేయడానికే నాకెవరూ లేరు.