నీ మఫ్లర్ నా దగ్గరుంది

నాన్నా, పాలు కాచి మూత పెట్టాను. పిల్లి కాచుక్కూర్చుంది, వంటింటి తలుపు వేసెయ్. నీ మఫ్లర్ నేను తీసుకెళ్తున్నా, ఇల్లంతా వెతక్కు.

హాఫ్ ఇయర్లీలో మా అమ్మాయే ఫస్టని అత్తకి ఫోన్లో తెగ గొప్పలు చెప్పావు. ఫస్టొచ్చినవాళ్ళు ఇవాళ పది గంటలకి స్టేజీ ఎక్కి, బడిలో ఎవరేం అడిగినా జవాబు చెప్పాలి. ఆ సంగతి తెలుసా నీకు? పోయినేడు ఫస్టొచ్చినవాడికి నోరు పెగల్లేదు. ఇప్పటికీ వాణ్ణి మౌనస్వామి అనే పిలుస్తారు. మఫ్లర్ చుట్టుకుంటే, గొంతు వణికినా చలి మీదకి నెట్టేయొచ్చు.

రాత్రి డ్యూటీ చేసి అలిసిపోయి వస్తావు, పడుకో. బడికి రావద్దు. నిన్ను చూస్తే ఏడ్చేస్తాను.

ఒకవేళ వస్తే వెనకెక్కడో నక్కకు. నాకు కనపడేలా నిలబడు.