పద్యం లేనిదే ఫలహారం లేదు

6, షోర్ వీధి,
పోర్ట్‌గారీ, స్కాట్లాండు.
అక్టోబరు 4

ఎదురింటి వాల్టర్ లీస్క్ గారికి,

నమస్కారం. మీ గుమ్మానికీ నా గుమ్మానికీ మధ్య పదిహేను అడుగుల రోడ్డు. అయినా పూర్తి చిరునామా రాసి, తపాలా బిళ్ళ అంటించి మరీ పంపుతున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊరి పోస్టాఫీసు నడిపినదాన్ని, పద్ధతి తప్పలేను. నోటితోనే చెబుదామని మిమ్మల్ని మూడుసార్లు రోడ్డు మీద ఆపాను. మూడుసార్లూ మీరు టోపీ ఎత్తి, "అవునమ్మా, గాలి బాగా ఉంది" అంటూ వెళ్ళిపోయారు. నేను గాలి సంగతి అడగలేదు.

నేను అడగబోయింది ఈ నెలాఖరున వచ్చే హాలోవీన్ దయ్యాల పండగ సంగతి. పోయినేడు పిల్లలు వేషాలు వేసుకుని, టర్నిప్ దుంపలు తొలిచి చేసిన దీపాలు పట్టుకుని మీ గుమ్మంలోకి వచ్చారు. మన పద్ధతి మీకు తెలియనిది కాదు. పిల్లలు ముందు ఓ దయ్యాల పద్యం చెప్పాలి, ఆ తర్వాతే ఇంటివాళ్ళు తినడానికి పెట్టాలి. మీరేం చేశారు? ఒక్కరూ నోరు తెరవకముందే సంచుల్లో ఆపిల్ పళ్ళు కుక్కేసి తలుపు మూసేశారట! ఇప్పుడు వీధిలో తొమ్మిదిమంది పిల్లలూ నా మొహం మీదే అంటున్నారు, "లీస్క్ తాతకి చెప్పక్కర్లేదుగా, మీకెందుకు చెప్పాలి?" అని.

ఈసారి దయచేసి పద్యం అడగండి. అది ఒక్కటే నా కోరిక.

ఇట్లు,
మీ పొరుగు,
ఎల్స్‌పెత్ గెడ్డిస్ (మిస్)

తా.క. ఆ ఆపిల్ పళ్ళు కూడా పులుపేనట.


9, షోర్ వీధి,
అక్టోబరు 6

గౌరవనీయురాలైన మిస్ గెడ్డిస్ గారికి,

మీ ఉత్తరం చేరింది. రెండుసార్లు చదివాను.

నేను నలభై రెండేళ్ళు ఓడల్లో ఇంజను గదిలో పనిచేశాను. ఆకలితో వచ్చినవాడికి రొట్టె ఇచ్చేముందు, ఏదీ ఒక పాట పాడు చూద్దాం అన్నవాణ్ణి ఎక్కడా చూడలేదు. పసిపిల్లల్ని చలిలో నిలబెట్టి పద్యాలు ఒప్పజెప్పించుకోవడం నా వల్ల కాదు. పిల్లలు వస్తారు, నేను పెడతాను, వాళ్ళు వెళ్తారు. నా గుమ్మంలో పద్యం ఉండదు. ఇదే ఆఖరి మాట.

విధేయుడు,
వాల్టర్ లీస్క్

తా.క. ఆపిల్ పళ్ళ విషయం ఒప్పుకుంటున్నాను. ఈసారి నేనే స్వయంగా వండుతాను.


6, షోర్ వీధి,
పోర్ట్‌గారీ, స్కాట్లాండు.
అక్టోబరు 10

లీస్క్ గారికి,

ఓహో! అంటే నేను పసిపిల్లల్ని చలిలో పీడించే పిసినారినన్నమాట! బాగుందండీ, చాలా బాగుంది.

ఇరవై ఏళ్ళుగా అక్టోబరులో ప్రతి శనివారం సాయంత్రం ఈ వీధి పిల్లలంతా నా వంటింట్లో చేరి పద్యాలు నేర్చుకుంటున్నారు. నేను పిండి కలుపుతుంటాను, వాళ్ళు దయ్యాల్లా అరుస్తుంటారు. మిగతా పదకొండు నెలలూ ఆ వంటింట్లో నేనూ నా కెటిలూ తప్ప మాట్లాడే నాథుడు ఉండడు. మొన్న శనివారం తొమ్మిది కుర్చీలు వేసి కూర్చున్నాను. ఎఫీ ఒక్కతే వచ్చింది. దానికి ఐదేళ్ళు. అది కూడా వాళ్ళమ్మ చేపల షెడ్డు నుంచి తిరిగొచ్చేదాకా ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి వచ్చింది. ఎనిమిది ఖాళీ కుర్చీల ముందు పద్యం నేర్పడమంటే ఎంత కష్టంగా ఉంటుందో మీకేం తెలుసు? నాకు ఏడుపొచ్చింది. పిండిలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఊరికే ఇస్తే అది దానం. పద్యం చెప్పించుకుని ఇస్తే, పిల్లలు తలెత్తుకుని పుచ్చుకుంటారు. ఈ తేడా తెలియనివాళ్ళ కోసం ఇవాళ కొట్లో ఒక నోటీసు అంటించి వచ్చాను: "పద్యం లేనిదే ఫలహారం లేదు. దక్షిణాది నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, 9వ నెంబరు ఇంట్లోకి దిగుమతైన కొత్త పద్ధతులు ఈ వీధిలో చెల్లవు."

ఇట్లు,
ఎ. గెడ్డిస్

తా.క. నోటీసులో మీ పేరు రాయలేదు. నాకూ మర్యాద తెలుసు. ఇంటి నెంబరు మాత్రమే రాశాను.


9, షోర్ వీధి,
అక్టోబరు 13

మిస్ గెడ్డిస్ గారికి,

నోటీసు చూశాను. కొట్లో ఉన్నవాళ్ళంతా నోటీసునూ నన్నూ మార్చి మార్చి చూశారు.

దక్షిణాది వాడినా? నేనా? అమ్మా, నేను పుట్టింది ఇక్కడికి ఇంకా ఉత్తరాన, ఆర్క్‌నీ దీవుల్లో. మాకు మీ ఊరే దక్షిణాది.

యుద్ధం మీరు మొదలుపెట్టారు కాబట్టి దాపరికం లేకుండా చెబుతున్నాను. చక్కెరా వెన్నా పాలూ కాచి పాలబిళ్ళలు పోస్తున్నాను, ఎముకల ఆకారంలో. మొదటి వాయి ఎంత గట్టిపడిందంటే ఇనుము కోసే రంపం తేవలసి వచ్చింది. రెండోది గిన్నె వదల్లేదు, గిన్నెతో సహా పారేశాను. మూడోది కుదిరింది. రోజుకో వాయి తీసి కిటికీలో ఆరబెడుతున్నాను. బడి వదిలాక తొమ్మిది ముక్కులు నా కిటికీ అద్దానికి అంటుకుని ఉంటున్నాయి. మీరూ చూసే ఉంటారు.

విధేయుడు,
వా. లీస్క్

తా.క. పుర్రె ఆకారం కోసం కూడా ప్రయత్నించాను. అచ్చం మా అన్నయ్యలా వచ్చింది. తినబుద్ధి కాలేదు.


6, షోర్ వీధి,
పోర్ట్‌గారీ, స్కాట్లాండు.
అక్టోబరు 22

లీస్క్ గారికి,

చూశాను, చూశాను. అద్దం మీద ముక్కుల మరకలు కూడా చూశాను.

మీకు రంపం ఉంటే నాకు పొయ్యి ఉంది. బాదంపప్పు గోళ్ళు పెట్టి మంత్రగత్తె వేళ్ళు చేశాను, బిస్కట్లే లెండి. అల్లం రొట్టెతో గబ్బిలాలు కోశాను. నల్లబెల్లం పాకంలో ముంచిన బన్నులు దూలానికి దారాలతో వేలాడదీసి, చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే అందుకోవాలి అన్నాను. మొన్న శనివారం తొమ్మిదిమందీ వచ్చారు! జుట్టు నిండా పాకం పూసుకుని వెళ్ళారు. వాళ్ళ తల్లులు నాతో మాట్లాడటం మానేశారు, ఫరవాలేదు.

తినేముందు నేను పెట్టిన షరతు ఒక్కటే. మీ గుమ్మంలో పద్యం చెప్పి తీరాలి. ఆ పద్యం ప్రత్యేకంగా మీకోసం నేనే కట్టాను. మూడు చరణాలు అందరూ కలిసి చెబుతారు, నాలుగోది ఎఫీ ఒక్కతే చెబుతుంది. మీరు సంచులు నింపేసి తలుపు వేసేసుకోవడం కాదు, చివరిదాకా నిలబడి వినాలి. ఓడలో పనిచేసినవాడు మాట ఇస్తే తప్పడంటారు. ఇవ్వండి మాట.

ఇట్లు,
ఎ. గెడ్డిస్

తా.క. ఎఫీ తన చరణం రోజూ కుక్క దగ్గర సాధన చేస్తోంది. కుక్క మంచం కింద నుంచి రావడం మానేసింది.


9, షోర్ వీధి,
అక్టోబరు 24

మిస్ గెడ్డిస్ గారికి,

సరే. చివరిదాకా నిలబడతాను. మాట ఇస్తున్నాను.

వా. లీస్క్

తా.క. పద్యం ఎంతసేపు పడుతుంది? నిమిషాల్లో చెబితే చాలు.


(కార్డు)
అక్టోబరు 25

లీస్క్ గారికి,

సరిగ్గా అర నిమిషం. అంతకంటే ఎక్కువ మీ ఓపికను పరీక్షించను.

ఎ. గెడ్డిస్

తా.క. ఎంత వింత ప్రశ్నలు వేస్తారండీ!


6, షోర్ వీధి,
పోర్ట్‌గారీ, స్కాట్లాండు.
నవంబరు 1

లీస్క్ గారికి,

నిన్న నా గేటు దగ్గర నిలబడి అంతా చూశాను. మీ మొహం ఎర్రబడుతుందని, మీసాలు వణుకుతాయని కాచుకున్నాను. మీరేమో చిరునవ్వు నవ్వుతూ నిలబడ్డారు! ఆ పద్యం ఏమిటో తెలుసా మీకు? తెలియనట్టు నటించకండి.

ఎదురింట్లో ఉందొక దయ్యం
ఎముకలు కాచే ముసలి దయ్యం
పలకరిస్తే పలకని దయ్యం

ఇలా తిట్టించుకుని చప్పట్లు కొడతారా ఎవరైనా? నన్ను వెక్కిరించడానికే కదా? పోనీ, నన్ను వెక్కిరించండి, ఓర్చుకుంటాను. కానీ ఎఫీ ఏం చేసింది మిమ్మల్ని? మూడో చరణం అయింది, ఎఫీ ముందుకొచ్చి ఊపిరి పీల్చుకుంది, ఇంతలో మీరు చప్పట్లు కొట్టి, దాని సంచీలో పాలబిళ్ళలు కుక్కి, తలుపు వేసేశారు. పదిరోజులు కుక్కకి చెప్పి చెప్పి నేర్చుకున్న చరణం దాని నోట్లోనే ఉండిపోయింది. దారి పొడవునా ఏడుస్తూ వెళ్ళింది. "తాతకి నాది అక్కర్లేదా?" అని అడిగింది నన్ను.

మాట ఇచ్చి తప్పారు. దానికి క్షమాపణ చెప్పండి. నాకు చెప్పనక్కర్లేదు. మళ్ళీ మీకు ఉత్తరం రాయను.

ఎల్స్‌పెత్ గెడ్డిస్

తా.క. నాలుగో చరణం రాసి పంపను. అది ఎఫీది.


9, షోర్ వీధి,
నవంబరు 3

ప్రియమైన ఎల్స్‌పెత్ గారికి,

మీ ఉత్తరం అందిన వెంటనే ఎఫీ ఇంటికి వెళ్ళాను. అక్కడ చెప్పింది మీకూ చెప్పాలి. ఈ మాట ఈ ఊళ్ళో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నాకు చెవులు వినబడవు. ఇంజను గది తినేసింది. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవిలో నోరు పెట్టి అరిస్తే కాస్త వినబడుతుంది. మీరు రోడ్డు మీద ఆపినప్పుడు ఏమన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. "గాలి బాగా ఉంది" అంటే ఈ ఊళ్ళో నూటికి తొంభైసార్లు సరిపోతుంది, అందుకని అందరికీ అదే చెబుతాను. పిల్లలు వచ్చేది కూడా కిటికీలో కూర్చుని చూస్తే తప్ప తెలియదు. పద్యం చెప్పించుకుంటే తప్పుచోట నవ్వుతాను, పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. అది భరించలేక పద్యమే వద్దన్నాను. చలి అనీ రొట్టె అనీ మీకు రాసిందంతా కప్పిపుచ్చుకోవడానికే. మీరు అర నిమిషమన్నారు కాబట్టి గడియారం చూసుకుంటూ సరిగ్గా ముప్పై సెకన్లు లెక్కపెట్టి చప్పట్లు కొట్టాను. ఎఫీ ఊపిరి పీల్చుకోవడానికి సమయం పడుతుందని మీరు రాయలేదు.

ఎఫీ అంతా విని, వాళ్ళమ్మ చంకెక్కి, నా ఎడమ చెవిలో నోరు పెట్టి తన నాలుగో చరణం అరిచింది: "పద్యం అంటే దానికి భయం!" నిజమేనమ్మా అన్నాను. "మళ్ళీ చెప్పనా?" అంది. ఆరుసార్లు చెప్పింది. పదకొండేళ్ళ తర్వాత నా చెవిలో పడిన మొదటి పద్యం అది. ఇంటికొచ్చి ఏడ్చాను. సిగ్గుపడటం లేదు.

ఎఫీ ఇలాంటి విషయం కడుపులో దాచుకునే మనిషి కాదు. సాయంత్రానికల్లా తొమ్మిదిమందీ నా గుమ్మంలో ఉన్నారు, తాత చెవిలో అరవడానికి వంతులు వేసుకుంటూ. ఉన్న పద్యం ఒక్కటీ అరగంటలో అరిగిపోయింది. కొత్తవి కావాలట. అక్టోబరు దాకా ఆగలేమని, ప్రతి శనివారం మీ వంటింటికి వస్తామని వాళ్ళే నిర్ణయించేశారు. మీతో చెప్పమని నన్ను పంపారు.

మీ నియమం ఇకనుంచి నా నియమం కూడా. అందుకే ముందు పద్యం చెబుతున్నాను. నిన్న రాత్రంతా కూర్చుని కట్టాను:

వీధికావల మంత్రగత్తె,
వేళ్ళ నిండా అల్లం, పిండి.
తలుపు తీస్తే తినేస్తుందేమో,
తీయకపోతే ఆకలండీ!

మీ తలుపు సందులోంచి ఈ ఉత్తరం నేనే వేశాను. ఇది చదువుతున్నంతసేపూ నేను మీ గుమ్మంలోనే నిలబడి ఉంటాను. లోపలికి రమ్మని కేక వేయకండి, వినబడదు. తలుపు తీసి చెయ్యి ఊపండి, చాలు.

మీ ఎదురింటి దయ్యం,
వాల్టర్

తా.క. వేషం లేకుండా రాకూడదు కదా, దుప్పటి కప్పుకుని వచ్చాను. నవ్వొస్తే గట్టిగానే నవ్వండి. వినబడదు కానీ, కళ్ళ దగ్గర రెండు చిల్లులు పెట్టుకున్నాను.