తాటిచెట్టుకు లేని రేలింగ్

జనగామ

గౌరవనీయులు కాటమయ్య గౌడ్ గారికి, నమస్కారాలతో జ్యోత్స్న రాయునది.

మీ కోడలు రేణుక గారు మీ పేరున ఉన్న ఇంటి మీద లోనుకు దరఖాస్తు పెట్టారు. ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు తరఫున మొన్న నర్మెట్ట వచ్చింది నేనే. గోడలు గట్టివి, స్లాబు మంచిది, కాగితాలు సరిగానే ఉన్నాయి. అయితే ఇంటి వెనక నుంచి పై గదికి వెళ్లే మెట్లకు రేలింగ్ లేదు. ఒక పక్క గోడ ఉంది, రెండో పక్క గాలి తప్ప ఏమీ లేదు. మనిషి పడిపోయే ప్రమాదం ఉంది కనుక భద్రతా లోపమని రాశాను. రేలింగ్ పెట్టించి ఫోటో పంపితే ఆ మాట తీసేస్తాను. అప్పటిదాకా లోను కదలదు.

మీ సహకారం కోరుతూ,
జ్యోత్స్న

తా.క. మీ కోడిపుంజు నన్ను గేటు దాకా తరిమింది. దాన్ని భద్రతా లోపం కింద రాయలేదు.

*

నర్మెట్ట

జ్యోత్స్న మేడం గారికి, మామ కాటమయ్య గౌడ్ చెప్పగా కోడలు రేణుక రాసేది.

ఫోను చేద్దామంటే మామయ్య ఒప్పుకోలేదు. ఫోన్ల మాట గాలికి పోతదట, కాయిదం మీద ఉంటే రేపు ఎవరూ కాదనలేరట. అందుకే ఉత్తరం.

మీరు రాసింది చదివి వినిపిస్తుంటే "మనిషి పడిపోయే ప్రమాదం" అన్నచోట ఆపి మళ్లీ చదివించుకున్నారు. తాను తాగి పడతానని మీరు బ్యాంకు కాయిదం మీద ఎక్కించారని ఆయనకు అర్థమైంది. నేను ఎంత చెప్పినా వినకుండా ఊళ్లోకి వెళ్లి నలుగురికీ చెప్పుకొని వచ్చారు. ఆయన మాటలివి, ఉన్నవి ఉన్నట్టు రాయమన్నారు: "నేను కల్లు గీసేటోన్ని, తాగి పడేటోన్ని గాదు. పొద్దున లేస్తే తాటిచెట్ల మీదనే ఉంట. ఏ తాటిచెట్టుకు రేలింగ్ ఉన్నది? దానికి పెట్టిచ్చినంక నా మెట్ల కాడికి రమ్మను."

ఇక మీ దయ,
రేణుక

తా.క. ఈ ముక్క మామయ్యకు వినిపించను. ఆ లోను పై గదిలో మగ్గం వర్క్ షాపు పెట్టుకోవడానికి. రెండేళ్లుగా మగ్గం వంటింట్లో పెట్టుకుని కుడుతున్నాను. జాకెట్ల మీద పూసలకన్నా అన్నం మెతుకులే ఎక్కువ అంటుకుంటున్నాయి.

*

జనగామ

పెద్దలు కాటమయ్య గౌడ్ గారికి, జ్యోత్స్న నమస్కరించి రాయునది.

మీరు తాగుతారని నేను రాయలేదు, అనుకోనూ లేదు. ఆ మెట్లు ఎక్కేది మీరొక్కరే కాదు కదా. రేపు షాపు పెడితే చంటిపిల్లలను ఎత్తుకుని ఆడవాళ్లు వస్తారు. గోడ లేని పక్క ఏదో ఒక ఆసరా ఉండాలి. అది నడుము ఎత్తున ఉండాలి, పట్టుకుంటే ఊగకూడదు. అంతకుమించి మేం అడిగేదేమీ లేదు.

మంచి మాట వింటానని ఎదురుచూస్తూ,
జ్యోత్స్న

తా.క. మీ ఊరి నుంచి ఇద్దరు ఫోను చేసి, కాటమయ్య తాగడని సాక్ష్యం చెప్పారు. మూడో ఆయన సాక్ష్యం చెబుతూ చెబుతూ మధ్యలోనే నిద్రపోయారు.

*

నర్మెట్ట

మేడం గారికి, మామయ్య మాటగా రేణుక.

దీంతో ఒక ఫోటో పెడుతున్నాను. మెట్ల పొడుగునా గోడ లేని పక్కన మా చుట్టాలు, వాడకట్టు వాళ్లు వరసగా నిలబడి ఉన్నారు చూడండి. ఏదో ఒక ఆసరా అన్నారు కదా, మామయ్యే అందరినీ పిలిచి నిలబెట్టారు. ఎవరికీ నడుము ఎత్తుకు తక్కువ లేదు, ఒక్కరూ ఊగలేదు. బ్యాంకు వాళ్లు ఏ రోజు వస్తారో ముందుగా చెబితే మళ్లీ నిలబడతారట.

ఇంకో సంగతి అడగమన్నారు: "మెట్లు ఇంటెనక ఉన్నయి. ఎవలన్నా చూపెట్టకుంటే ఆమెకెట్ల కనపడ్డయి?" పక్కింటి సంతోషే చూపించాడని ఆయన అనుమానం. మొన్నటి నుంచి అతనితో మాటలు బంద్.

సిగ్గుతో,
రేణుక

తా.క. ఫోటోలో అందరికన్నా పైన నిలబడింది నేనే. నవ్వుతున్నట్టు కనబడుతున్నాను గానీ, అది పళ్లు కొరకడం.

*

జనగామ

పెద్దాయన కాటమయ్య గారికి, జ్యోత్స్న రాసేది.

ఫోటో మా ఆఫీసులో అందరూ చూశారు. మనుషులను రేలింగ్ కింద లెక్కగట్టడానికి మాకు వీల్లేదు. వాళ్లకు ఆకలేస్తుంది, ఇళ్లకు వెళ్లిపోతారు.

ఒక్క మాట అడుగుతాను, కోపం చేయకండి. మీరు చెట్టెక్కేటప్పుడు నడుము చుట్టూ మోకు వేసుకోరా? ఆ తాడు లేకుండా ఏనాడైనా ఎక్కారా? అది ఆసరా కాదా? చెట్టు మీద మీకున్న పాటి ఆసరా మెట్ల మీద మీ ఇంటివాళ్లకు ఉండొద్దా?

గౌరవంతో,
జ్యోత్స్న

తా.క. మాది టేకుమట్ల. మా తాత కూడా గీసినోడే. మోకు మరిచి చెట్టెక్కిన రోజు మా అవ్వ ఆయనకు అన్నం పెట్టేది కాదు.

*

నర్మెట్ట

మేడం గారికి, రేణుక రాసేది.

మీ ఉత్తరం విని మామయ్య తన మోకు తెచ్చి ఒళ్లో పెట్టుకున్నారు. గెలిచామనుకున్నాను. తర్వాత లేచి చెప్పారు: "చెట్టు గాలికి ఊగుతది, గందుకే మోకు. మెట్లు ఊగుతయా? ఒక్క లోను కోసం నేను ముసలోన్నయిన అని ఒప్పుకోవాల్నా? ఒప్పుకోను. లోను వద్దు, ఏమొద్దు. దరఖాస్తు వాపస్ ఇయ్యమని రాయి."

అత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అంతా విన్నది. ఇల్లు మామయ్య పేరు మీద ఉంది, ఆయన సంతకం లేకపోతే నా షాపు లేదు. రాయమన్నారు కాబట్టి రాశాను. ఏడుస్తూ రాశాను.

రేణుక

తా.క. దయచేసి ఈ ఉత్తరం ఓ వారం దాకా చదవకండి.

*

నర్మెట్ట

బిడ్డ జ్యోత్స్నకు, కాటమయ్య ఇంటామె ఓదెమ్మ దీవెనలు. నా మాట ఒక్కటి మార్చకుంట రేణుకతోని రాయిస్తున్న.

నిన్న పొద్దుగాల ఆయన చెరువు దిక్కు చెట్లకు పోయిండు. ఆయన ఎక్కుడు చూసి వెల్డింగు ఉపేందర్‌ను పిలిపిచ్చిన. చెట్టు మీద నుంచి చూస్తే మా ఇల్లు కనవడ్తది. ఇంటెనక నిప్పులు లేస్తుంటే చూసి కేకలేసి ఒర్రుడు మొదలువెట్టిండట. ఎంత ఒర్రినా మోకు జరుపుకుంట మెల్లగనే దిగాలె గద. ఆయన ఇంటికొచ్చేటాల్లకు ఉపేందర్ రేలింగ్‌కు రంగేస్తుండు.

ఎవలు చేయమన్నరు అని అడిగిండు. నేనే అన్న. ఆనాడు ఆ బ్యాంకామెకు మెట్లు చూపెట్టింది గుడ నేనే, సంతోష్ గాదు, పొయ్యి ఆ పోరనితోని మాట్లాడు అన్న. మూడేండ్లాయె నేను పైకెక్కక. మోకాళ్లు వంగుతలెవ్వు, ఆ పక్క చూస్తే కండ్లు తిరుగుతయి. చెప్తే ఏంగాదు ఎక్కు అంటడు. ఊళ్ల చెట్లన్ని ఎక్కి దిగుతడు గని, ఇంట్ల మనిషి మెట్లెక్కుతలేదని ఒక్కనాడన్న చూసిండా? నా నోటి మాట ఇనడు. ముద్రగుద్దిన కాయిదం మీదికెల్లి వస్తెనన్న ఇంటడేమో అనుకున్న. అదీ ఇనలె. ఇగ నేనే పెట్టిచ్చిన.

రంగు ఆరినంక రేలింగ్ పట్టుకొని పైకెక్కిన. ఒక్కదాన్నే ఎక్కిన బిడ్డ. ఎక్కి మస్తుగ ఏడ్చిన. జరసేపటికి కింద నిలవడి అన్నం పెట్టమని పిలిచిండు. నేను దిగను అన్న. సంతకం పెట్టినంక కంచం తెచ్చుకొని నువ్వే పైకి రా అన్న.

ఆ లోపమన్న మాట కొట్టెయ్యి బిడ్డ. ఇగ దరఖాస్తు వాపస్ లేదు, ఆయన సంతకం చేసిన కాయిదం దీంట్లనే పెట్టిన.

నీ అవ్వ అసొంటిది,
ఓదెమ్మ

తా.క. (రేణుక) మామయ్య పైకి వెళ్లారు. ఒక చేతిలో కంచం, ఇంకో చేతిలో నీళ్ల చెంబు. కాబట్టి తాను రేలింగ్ పట్టుకోలేదనీ, ఇది మీకు తప్పకుండా రాయమనీ చెప్పారు.