లోపల ఉండిపోయిన గొట్టం

మీకు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి చెయ్యి ఆపాను. అందరం అంటే నేనొక్కదాన్నే కదా. నేను క్షేమమే. మీరూ, ఆ సొరంగం పనిలో మీతో ఉన్నవాళ్లూ క్షేమమని తలుస్తాను.

మీరడిగినవాటికి జవాబులు. నీళ్లు బాగానే తాగుతున్నాను, సీసా పొయ్యి పక్కనే పెట్టుకున్నాను. పాప సైకిలు ఎవరికీ ఇవ్వలేదు. ఇస్తానని మీకు మాటిచ్చాను గానీ ఇవ్వలేదు. ఆపరేషను సంగతి వివరంగా రాయమన్నారు. పక్క వాటాలో కుట్టుపని చేసే అక్క తోడు వచ్చింది. పొట్ట ఎక్కడా కొయ్యలేదు. మత్తిచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే సన్నటి గొట్టం పంపి, లేజరుతో కిడ్నీలో రాయిని ముక్కలు చేసి తీశారు. ఆ ముక్కలు సీసాలో వేసి చూపిస్తే అక్క, "ఇంత ఏడిపించింది ఇదా? ఉంగరంలోకైనా పనికిరాదే" అంది. నడుము పట్టుకుని నవ్వాను. పాప పోయాక నవ్వడం అదే మొదలు. తర్వాత సిగ్గేసింది.

ఇక మీకు దాచిన సంగతి. రాయి తీశాక మూత్రం సాఫీగా దిగడానికి లోపల ఒక మెత్తటి గొట్టం ఉంచారు, స్టెంటు అంటారు. రెండు వారాలకి వచ్చి తీయించుకోమన్నారు. మూడు నెలలైంది. తీయించుకోలేదు.

భయపడి కాదు. వంగితే అది నడుంలో పోటు పొడుస్తుంది. ఆ పోటు ఉన్నంతసేపు నాకు ఇంకేమీ గుర్తురాదు. అది కాస్తా తీసేస్తే ఈ రెండు గదుల్లో నాకేం మిగులుతుంది అనిపించింది. తప్పేనని తెలుసు.

మొన్న మూత్రంలో రక్తం పడితే అక్క నన్ను ఆసుపత్రికి లాక్కుపోయింది. ఆ గొట్టం మీద మళ్లీ రాయి పేరుకుంటోందట, ఇంకా ఆలస్యం చేస్తే కిడ్నీ చెడుతుందట. వచ్చే నెల పన్నెండున మత్తిచ్చి తీస్తామన్నారు. ఇంటివాళ్లు ఉండి సంతకం పెట్టాలట.

నర్సమ్మ నా మీద విసుక్కుంది. "ఎన్నిసార్లు ఫోన్ చేశామమ్మా. ఎప్పుడూ స్విచాఫే. ఈ నంబరు ఎవరిది?"

ఫారం చూపించింది. ఆపరేషన్ రోజు దగ్గరివాళ్ల నంబరు రాయమంటే పాప నంబరు రాశాను. నాకంటూ ఫోను లేదాయె. పాప ఉన్నన్నాళ్లూ అక్క ఫోనులోంచి రోజూ ఎక్కడున్నావని దానికి చేసీ చేసీ, నాకు నోటికొచ్చిన నంబరు అదొక్కటే. రాసేటప్పుడు ఏమీ అనిపించలేదండీ.

"మా అమ్మాయిది" అన్నాను.

"ఈసారి ఆమెనే వెంటబెట్టుకురా. నీతో వేగలేం తల్లీ."

సరేనన్నాను. అక్క పక్కకి తిరిగి సంచిలో ఏదో వెతుక్కుంది.

పాప పోయిన వారానికే మీరు పనిలోకి వెళ్లిపోతే నేను ఒక్క మాట అనలేదు. ఇప్పుడూ అనను. పదకొండో తేదీకల్లా ఇంట్లో ఉండండి. ఆ ఫారంలో పాప నంబరు కొట్టేసి మీది రాయాలి. నా చేత్తో నేను కొట్టెయ్యలేను.

ఇట్లు,
పాప అమ్మ